తాతబ్బాయి గారి గంట

1. సోమవారం

డాక్టరమ్మా, జత మార్చమని దరఖాస్తు పెట్టుకున్న మనిషి చేతిలో ఒక తెల్ల పుస్తకం పెట్టి పంపే ఊరు సముద్రం మీద తేలే మన తేలాడ ఒక్కటే అయ్యుంటుంది. "మంగతాయారూ, గంట మోగినప్పుడల్లా ఏం జరిగిందో, నీకేమనిపించిందో నెల రోజులు రాసి పట్టుకురా, అప్పుడు సంతకం పెడతాను" అన్నారు మీరు. నాకేమనిపిస్తుందో పుస్తకం అక్కర్లేకుండా ఇప్పుడే చెప్పగలను. ఒళ్ళు మండుతుంది. అయినా మీ మాట తీసెయ్యలేక రాస్తున్నాను.

ఇవాళ పళ్ళు తోముకుంటుంటే మోగింది. కడియం చూసుకున్నాను. పైన నా షుగరు అంకె నూట ముప్పై, నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. కింద తాతబ్బాయి గారి అంకె అరవై ఒకటి, పక్కన కిందికి చూస్తున్న బాణం. నోట్లో నురగతోనే పరిగెత్తాను. మా మూడో వరస నుంచి తాడు వంతెన మీద అయిదో వరసకు వెళ్ళి, అక్కడి నుంచి చివరి తెప్ప దాకా వెళ్ళాలి. పొద్దున్నే అందరూ నీళ్ళ బిందెలతో ఎదురొస్తారు. ఒకావిడ బిందె నా మోచేతికి తగిలి సగం ఒలికిపోయింది. ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

వెళ్ళి చూస్తే ఏముంది. ఆయన కుడి పక్కకు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని గుర్రు పెడుతున్నాడు. చుక్క ఉన్నది ఆ చేతికే. బరువు పడి చుక్క నలిగితే అంకె తక్కువ చూపిస్తుందని మీరే చెప్పారు. నిజంగా తగ్గిందేమో అని భయపడి, లేపి, చెయ్యి లాగి, కడియం తాకించి, గంట ఆపి, పక్కన కూర్చున్నాను. కాసేపటికి అంకె తనంతట తానే నూట పన్నెండుకు ఎక్కింది.

"తగ్గలేదు గదమ్మా," అన్నాడు కళ్ళు నులుముకుంటూ. "చెయ్యి కిందడిపోయింది. నిద్రలో నాకేటి తెలుత్తాది."

"ఎడం చేతికి పెట్టించుకోండి అన్నయ్యగారూ అని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఎడం చెయ్యి తాడు లాగే చెయ్యమ్మా. రాపిడికి చుక్క ఊడిపోద్ది."

ప్రతి మాటకూ ఆయన దగ్గర ఒక జవాబు ఉంటుంది.

మీకు తెలిసిన సంగతే అయినా ఇక్కడ రాస్తాను, రాస్తుంటే ఇది ఎంత అన్యాయమో నాకు ఇంకా బాగా తెలుస్తోంది కాబట్టి. షుగరున్న ప్రతి మనిషి చేతికీ చక్కెర కొలిచే చుక్క ఒకటి అంటించి ఉంటుంది. ఒంట్లో చక్కెర దారి తప్పితే గంట. అంతవరకు బాగానే ఉంది. కానీ ఎవరి గంట వాళ్ళకే మోగితే నొక్కేసి మళ్ళీ పడుకుంటారని, మన పెద్దలు ఇద్దరిద్దరిని జత కట్టి, ఆ గంటను తీసుకెళ్ళి అవతలి మనిషి కడియంలో పెట్టారు. నా గంట ఆయనకు మోగుతుంది, ఆయన గంట నాకు మోగుతుంది. ఆపాలంటే స్వయంగా వెళ్ళి నా కడియాన్ని ఆయన చుక్కకు తాకించాలి. వేరే దారి లేదు. ఈ ఉపాయం కనిపెట్టిన పెద్దలెవరికీ షుగరు లేదని నా గట్టి నమ్మకం.

2. బుధవారం

ఇవాళ గంట నీటి మర దగ్గర ఉండగా మోగింది. ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే మర అది, చూసుకునేది నేనొక్కదాన్ని. మధ్యలో వదిలి వెళితే ఊరంతా ఉప్పు కాఫీ తాగాలి. మర ఆపి పరిగెత్తాను.

ఈసారి నిజంగానే తగ్గింది. అరవై నాలుగు. ఇంజక్షన్ చేసుకుని, అన్నానికి కూర్చోబోతుంటే ఎవరో చిరిగిన వల తెచ్చారట. ఆ వల ముందేసుకుని అన్నం సంగతి మరిచిపోయాడు. నుదుటి మీద చెమటలు, చేతిలో సూది వణుకుతోంది, అయినా కుడుతున్నాడు. తాటిబెల్లం ముక్క నోట్లో కుక్కాను.

"ఈ ముడొక్కటీ ఏసేత్తానుండమ్మా," అంటాడు బెల్లం చప్పరిస్తూ.

"ముందు నమలండి. ముడి ఎక్కడికీ పోదు."

"నువ్వు మరాపేసి వచ్చావా? ఊరికి నీళ్ళెట్టా మరి?"

నన్ను పరిగెత్తించినవాడే నన్ను అడుగుతున్నాడు. వాళ్ళావిడ అనసూయ వదిన పొయ్యి దగ్గర నిలబడి చీర కొంగు నలుపుతూ, "మీ చెల్లిని ఇంకా ఎన్నాళ్ళు తిప్పుతారండీ ఇలాగ," అంది. ఆవిడకు షుగరు లేదు, జతా లేదు, కడియమూ లేదు. ఆయన తిన్నాడో లేదో మాత్రం ఆవిడకు పట్టదు అని ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది. తప్పే. ఆవిడ రెండుసార్లు పిలిచిందట, ఈయన "వత్తన్నా" అన్నాడట.

న్యాయంగా ఒక మాట రాయాలి. నా గంట మోగినప్పుడు ఆయన కూడా వస్తాడు. మోకాళ్ళు పట్టేసిన మనిషి, అయినా వస్తాడు. ఆయన కనబడకముందే వంతెన మీద నుంచి తిట్లు వినపడతాయి. "తిండి మానేసి మర తిప్పితే మర నీకు కూడెడతాదా" అని. తిట్టుకుంటూ వచ్చి, తాకించి, కూర్చుని, అంకె ఎక్కేదాకా కదలడు. కానీ నా గంట మోగేది ఎప్పుడో ఒకసారి. ఆయనది రోజూ. లెక్క సరిపోవడం లేదు కదా.

నిన్న వంటశాల దగ్గర మీరు చెప్పింది నేను మరిచిపోలేదు. నేను తప్పుకుంటే వేరే జత దొరకాలి, ఇన్నిసార్లు మోగే మనిషిని ఎవరూ కోరుకోరు, దొరక్కపోతే ఆయన్ని దూరాన ఉన్న ఆసుపత్రి ఓడకు పంపాలి, ఓడలో రోగులకే చోటు, భార్యకు ఉండదు. "ఎవరో ఒకరు తీసుకుంటారులెండి" అన్నాను. "ఎవరు?" అని అడిగారు మీరు. ఒక్క మాటతో కట్టెయ్యడం మీకు బాగా వచ్చు డాక్టరమ్మా, ఇంటికి వెళ్ళేదాకా ఆ ప్రశ్న నా వెనకాలే వచ్చింది.

3. శనివారం

ఇవాళ గంట మూడుసార్లు మోగింది. రెండు ఉత్తుత్తివి, ఒకటి నిజం.

మోగనప్పుడు కూడా ప్రశాంతం లేదు. కుక్కర్ ఈల వేస్తే లేచి నిలబడతాను. పక్క తెప్ప మీద ఎవరో గరిట జారవిడిస్తే కడియం చూసుకుంటాను. కూర్చున్న చోట కూర్చోలేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. తిరుగుతుంటే నా అంకె పెరుగుతుంది, పెరిగిందని ఇంకా కంగారు. ఒక షుగరుకే దిక్కులేదు, నా నెత్తిన రెండు.

ఇవాళ వంటశాల వరసలో నోరు జారాను. జారానని ఎందుకు, కావాలనే అన్నాను. "ఆ ముసలాయన గంట నా ప్రాణం తీస్తోంది, దాన్ని పీకి సముద్రంలో పారేస్తే గానీ నాకు నిద్ర పట్టదు" అని అందరూ వినేలా అన్నాను. వెనకాల నిలబడ్డ కామేశ్వరి నవ్వింది.

"మీ ఆయన బతికున్నన్నాళ్ళూ పిలిస్తే పలికేదానివి కాదు గదే తాయారూ. ఇప్పుడు పిలవకుండానే పరిగెడతన్నావ్."

వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నారు. పళ్ళెం తీసుకుని పక్కకు వచ్చి కూర్చున్నాక గానీ చూడలేదు, రెండు వరసల అవతల అనసూయ వదిన తన పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. విన్నదో లేదో తెలియదు. అన్నం సయించలేదు.

దరఖాస్తు సంగతి ఆయనకు చెప్పవద్దని మిమ్మల్ని బతిమాలాను. "చెప్పక తప్పదు, ఆయన సంతకం కూడా కావాలి" అన్నారు. సాయంత్రం మీరు ఆయన తెప్ప మీద నుంచి దిగి రావడం చూశాను. ఆ తర్వాత ఆయన వంతెన మీద ఎదురయ్యాడు. తిడతాడేమో అనుకున్నాను. "నీళ్ళు ఈమధ్య తియ్యగుంటన్నాయమ్మా, జల్లెడ మార్చావా?" అన్నాడు. మార్చలేదు అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు.

4. మంగళవారం

గంట లేదు.

నిన్న కూడా లేదు. ఆదివారం మీ ఆసుపత్రి తెప్ప నుంచి కొత్త చుక్కలు వచ్చాయి కదా, అందరం పాతవి తీసి కొత్తవి అంటించుకున్నాం. అప్పటి నుంచి ఆయన అంకె తొంభై, నూట అయిదు, తొంభై ఎనిమిది. బాణం ఎటూ చూడటం లేదు. ఇంత బుద్ధిగా ఉండే షుగరును నేను ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం భోంచేసి కన్ను మూస్తే పొద్దు వాలేదాకా తెలివి రాలేదు. లేచి టీ పెట్టుకుని తెప్ప అంచున కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, ఒక కప్పు టీ ఆసాంతం వేడిగా తాగాను. నా దరఖాస్తు చూసి ఆయనకు బుద్ధొచ్చింది, చెయ్యి కింద పెట్టుకోవడం మానేశాడు, వేళకు తింటున్నాడు అనుకున్నాను. ఈ బుద్ధేదో ముందే వచ్చి ఉంటే నేను పుస్తకం రాసే బాధ తప్పేది.

5. శుక్రవారం

ఇంకా గంట లేదు. నాకు నిద్ర పడుతోంది గానీ నిలకడ లేదు. ఇదేమి రోగమో చెప్పండి. మోగితే ఒళ్ళు మంట, మోగకపోతే గుండె దడ. రోజుకు పదిసార్లు కడియం చూసుకుంటున్నాను. పాడైందేమోనని దులిపి కూడా చూశాను.

ఇవాళ కొండల నుంచి బియ్యం ఓడ వచ్చింది. ఈసారి బియ్యంతో పాటు పనసపండ్లు వచ్చాయి. మీకు తెలుసు, మన ఊళ్ళో పనస కోస్తే పెళ్ళి భోజనం కింద లెక్క. షుగరున్నవాళ్ళకు మనిషికి రెండు తొనలు అని వంటశాలలో లెక్క పెట్టి ఇచ్చారు. నేను రెండు తిన్నాను, ఇంకొకటి దొంగతనంగా తిన్నాను. నా అంకె నూట తొంభైకి ఎక్కింది.

తాతబ్బాయి గారు నా ఎదురుగానే కూర్చుని తిన్నాడు. రెండు కాదు, అయిదు. అనసూయ వదిన తనకు పనస పడదని తన వాటా కూడా ఆయన చేతిలో పెట్టింది. వేళ్ళు నాక్కుంటూ తిన్నాడు. అందరూ లేచి పోయేదాకా ఉండి నా కడియం చూశాను. నూట ఎనిమిది. మంచినీళ్ళు తాగినా నా అంకె అంతకన్నా కదులుతుంది.

"అన్నయ్యగారూ, అయిదు తొనలు తిన్నారు. అంకె కదల్లేదేమిటి?"

"మందేసుకున్నాను లేమ్మా ముందే. అటూ ఇటూ చూసుకుని ఏసుకున్నాను."

"ఎన్ని తింటారో ముందే ఎలా తెలుసు?"

"పనసపండు ముందు నా సంగతి నాకు తెలీదేటి," అని నవ్వి, చొక్కా చేతులు కిందికి లాక్కుని లేచాడు. నవ్వు బాగానే ఉంది. ముఖమే కాస్త పీక్కుపోయినట్టుంది.

మిమ్మల్ని అడుగుదామని బయల్దేరాను. సగం దారిలో ఆగిపోయాను. ఏమని అడగను? గంట మోగడం లేదు, వెళ్ళి చూడండి అనా? మోగుతోందని దరఖాస్తు పెట్టింది నేనే. మీరు నవ్వుతారు. పుస్తకం నిండాక మీరే చదువుతారు కదా అని వెనక్కి వచ్చేశాను.

6. ఆదివారం

అక్షరాలు వంకరపోతే క్షమించండి.

పొద్దున్నే మరలోకి నీళ్ళు రావడం ఆగిపోయింది. సముద్రపు నీళ్ళు తోడే తూము తెప్ప దగ్గరకు వెళ్ళి చూస్తే జల్లెడ నిండా జెల్లీ చేపలు. ఆ తెప్ప ఊరికి ఎడంగా ఉంటుంది, పొడుగు తాడు వంతెన ఒక్కటే దారి. చేతులకు సంచులు కట్టుకుని తోడటం మొదలుపెట్టాను. ఒక బుట్ట తోడితే రెండు బుట్టలు వచ్చి చేరుతున్నాయి. ఊరంతా నీళ్ళ కోసం చూస్తోంది. భోజనం వేళ దాటిపోయింది, నేను చూసుకోలేదు.

పెదవులు తిమ్మిరెక్కాక తెలిసింది. తర్వాత కాళ్ళు. కడియం చూసుకుంటే నా అంకె యాభై ఎనిమిది. బొడ్లో దోపుకున్న బెల్లం నోట్లో వేసుకుని, చెక్క మీద కూలబడ్డాను. భయపడలేదు. నా గంట ఆయన చేతికి మోగుతోంది, ఇంకాసేపట్లో తిట్లు వినపడతాయి. వంతెన వైపు చూస్తూ కూర్చున్నాను.

తిట్లు వినపడలేదు.

బెల్లం కరిగింది. ఇంకో ముక్క వేసుకున్నాను. వంతెన ఖాళీగా ఊగుతోంది. ముందు కోపం వచ్చింది, నిజం రాస్తున్నాను. దరఖాస్తు పెట్టానని కక్ష కట్టాడు, మోగితే మోగనీ అని కూర్చున్నాడు అనుకున్నాను. కింద ఆయన అంకె చూశాను. తొంభై ఎనిమిది. హాయిగా ఉన్నాడు. హాయిగా ఉన్న మనిషి రాలేదు.

కానీ తాతబ్బాయి గారికి కోపం వస్తే వచ్చి తిడతాడు. రాకుండా ఉండడు. తుపాను వచ్చిన రోజు కూడా గోనెసంచి కప్పుకుని వచ్చి, నా తలుపు దగ్గర నిలబడి తిట్టిన మనిషి. ఆయన రాలేదంటే రాలేకపోతున్నాడని అర్థం. అది తట్టగానే పనస తొనలు, కదలని అంకె, పీక్కుపోయిన ముఖం అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

మీరు చెప్పినట్టు అంకె ఎక్కేదాకా కూర్చోవాలి. కూర్చోలేదు. వంతెన తాడు రెండు చేతులతో పట్టుకుని వెళ్ళాను.

ఆయన తెప్ప మీద ఎవరూ లేరు. అనసూయ వదిన సంత తెప్పకు వెళ్ళింది. పిలిచాను, పలకలేదు. గంట మాత్రం వినపడుతోంది, ఆరేసిన వలల వెనక నుంచి. మోగుతున్నది నా గంట. ఆ చప్పుడు పట్టుకుని వెళితే వలల మధ్య ఒరిగిపోయి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. పిలిస్తే మూలుగు తప్ప మాట లేదు.

అలవాటు కొద్దీ చొక్కా చెయ్యి పైకి లాగి కడియం తాకించబోయాను. అక్కడ చుక్క లేదు. పాత చుక్క ఉన్నచోట తెల్లటి మచ్చ ఉంది, అంతే. నా కడియంలో ఇంకా తొంభై ఎనిమిది. ఆ అంకె అప్పుడు సంతలో ఉల్లిపాయలు బేరం చేస్తోంది.

నోట్లో ఏదైనా పెడితే గొంతుకు అడ్డం పడుతుందని మీరు నేర్పారు. నడుముకు కట్టుకున్న సంచిలోంచి చక్కెర పెంచే ముక్కుమందు తీసి, ఆ పొడి ఆయన ముక్కులోకి కొట్టాను. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. పక్క తెప్పల వాళ్ళను కేకేశాను, ఒకరు మీకోసం పరిగెత్తారు. చేయాల్సినవన్నీ చేశాక ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు. గంట ఒకటే మోగుతోంది. ఆయన చెయ్యి ఎత్తి, ఆయన కడియాన్ని నా చుక్కకు నేనే తాకించుకున్నాను. ఆగింది. ఆ చెయ్యి కింద పెట్టబుద్ధి కాక పట్టుకునే కూర్చున్నాను.

చచ్చిపోతాడనుకున్నాను డాక్టరమ్మా. నా జీవితంలో నిశ్శబ్దం కోసం అంత ఏడ్చినదాన్ని, అప్పుడు ఆ నిశ్శబ్దం వింటూ ఏడ్చాను.

మీరు వచ్చేసరికి ఆయన పెదవులు కదులుతున్నాయి. మీరు వేలు గుచ్చి నెత్తురు చూస్తున్నారు కాబట్టి మీకు వినపడి ఉండదు. నాకు వినపడింది.

"నీ గంట మోగిందమ్మా," అన్నాడు. "లేవబోయాను."

7. సోమవారం

పొద్దున్నే వెళ్ళాను. గంజి తాగుతున్నాడు. అనసూయ వదిన చేతికి ఉన్న చుక్కను నిన్ననే మీరు తీసేశారు, ఆవిడ ఇంకా ఆ చోటే తడుముకుంటూ కూర్చుంది.

"వద్దన్నానమ్మా," అంది నన్ను చూడగానే. "కొత్త చుక్క తెచ్చుకుని నా చేతికి అంటించారు. నాలుగు రోజులు గంట మోగకపోతే తాయారు మనసు మార్చుకుంటాదన్నారు. ఆఖరికి నేనూ సరే అన్నాను. ఆయన్ని ఓడెక్కిత్తే నేనొక్కత్తినీ ఏటవుతాను?"

ఆయన గంజి గిన్నెలోకి చూస్తున్నాడు. నాకు రాత్రంతా కూడబెట్టుకున్న కోపం ఉంది.

"మందు ఎంత వేసుకోవాలో ఎలా తెలిసింది మీకు, చుక్క లేకుండా?"

"ఉజ్జాయింపుగా ఏసుకున్నాను."

"చచ్చిపోతే?"

"చచ్చిపోతే నా తెప్ప మీద చచ్చిపోతాను గదమ్మా," అన్నాడు. "ఓడలో కాదు గదా."

అసలు ఈ మనిషికి జవాబు చెప్పాలంటే నేను మళ్ళీ పుట్టాలి.

"మీ గంట నాకు విసుగే," అన్నాను చివరికి. "విసుగు లేదని అబద్ధం చెప్పను. కానీ విసుక్కుంటూ రావడం వేరు, రాకుండా ఉండటం వేరు. మీరు వచ్చేది కూడా తిట్టుకుంటూనే కదా."

"నిన్ను తిడితే నాకు ఓపికొత్తాదమ్మా," అన్నాడు. "వంతెన పొడుగు గదా."

అప్పుడే మీరు వచ్చారు. మీ ముఖం చూడగానే మంచి మాట కాదని తెలిసింది. మీరు మెల్లగానే చెప్పారు. చుక్క తీసేసుకున్న మనిషిని ఊళ్ళో ఉంచకూడదు. రేపు సాయంత్రం పడవలో ఓడకు పంపాలి. మీ ఇష్టం కాదు, తేలాడ నియమం. అనసూయ వదిన గిన్నెలు తోమడానికి లేచి వెళ్ళిపోయింది. వెళ్ళి తోమలేదు, నీళ్ళ వైపు తిరిగి నిలబడింది.

మీ వెనకాలే వంతెన దాకా వచ్చి, వేరే దారేమీ లేదా అని అడిగాను. మీరు ఆగి, నియమం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారు. రోగి తనే తీసేసుకుంటే ఓడ. ఊడి పడిపోయి చెప్పకపోతే హెచ్చరిక. జతలో అవతలి మనిషి తీసి ఉంటే మాత్రం, రోగి తప్పేమీ లేదు కాబట్టి ఊళ్ళోనే ఉంటాడు. తీసిన మనిషికి ఇక జత మార్చమని అడిగే హక్కు జన్మలో ఉండదు. ఆ రోగి గంట బతికున్నంత కాలం వాళ్ళే మొయ్యాలి. మూడోది చదివేటప్పుడు మీరు నా వైపు చూడలేదు. సముద్రం వైపు చూస్తూ చదివారు.

8. మంగళవారం

రాత్రి కళ్ళు మూతపడలేదు, గంట మోగకుండానే. బతికున్నంత కాలం అంటే ఏమిటో ఆలోచించాను. రోజూ పొద్దున్న బిందెల మధ్య నుంచి పరుగు. రోజూ మర ఆపడం. టీ సగంలో వదిలెయ్యడం. నాకు అది ఇష్టం లేదు. ఇష్టమైపోయిందని రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. ఆయన లేని అయిదో వరస తలుచుకుంటే మాత్రం ఊపిరాడటం లేదు. రెంటిలో ఏది మొయ్యగలనో నాకు తెలిసిపోయింది.

కాబట్టి డాక్టరమ్మా, ఇది నా వాంగ్మూలం కింద రాసుకోండి.

తాతబ్బాయి గారి కొత్త చుక్కను ఆయన నిద్రలో ఉండగా తీసి అనసూయ వదిన చేతికి అంటించింది నేనే. గంటలకు విసిగి ఆ పని చేశాను. ఆయనకు తెలియదు. పై పేజీల్లో ఇంకోలా కనిపిస్తే అవన్నీ నన్ను నేను కాపాడుకోవడానికి రాసిన అబద్ధాలు. మీకు అనుమానం ఉంటే వంటశాల వరసలో ఎవరినైనా అడగండి. ఆ గంట పీకి సముద్రంలో పారేస్తానని నేను అనడం కామేశ్వరితో సహా పాతికమంది విన్నారు. నా నోటి మీద మన ఊళ్ళో ఎవరికీ మంచి అభిప్రాయం లేదు, ఇట్టే నమ్ముతారు. వదినతో మాట్లాడాను, ఆవిడా ఇదే చెబుతుంది. ఆయనతో మాత్రం చెప్పకండి. తెలిస్తే ఒప్పుకోడు, తన తప్పు తనదేనని మీ దగ్గరకు కర్ర పట్టుకుని వస్తాడు.

దరఖాస్తు చింపెయ్యండి. శిక్ష రాసి సంతకం పెట్టండి. కాస్త తొందరగా పెట్టండి, సాయంత్రం పడవకని ఆయన అప్పుడే చొక్కాలు మడతపెట్టుకుంటున్నాడు.